మూడో చదరంగం

ఆ ఆదివారం పొద్దున హాలియాలోని నూరుద్దీన్ ఇంట్లో ఉన్నది పది మంది. లోపలి గదిలో మూడు రోజులుగా జ్వరంతో పడుకున్న అతని తల్లి గులాబ్‌బీ. ముందు గదిలో నూరుద్దీన్, అతని దగ్గర కంప్యూటర్ నేర్చుకునే ఆరుగురు, పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చిన మారయ్య, అతని కూతురు యాదలక్ష్మి. కంప్యూటర్‌ని మనిషి కింద లెక్కకట్టరు గానీ, యాదలక్ష్మి వచ్చింది దానికోసమే.

ఆమెకు చదరంగం నేర్పిన డ్రిల్లు సారు బదిలీ అయి ఏడాది దాటింది. అప్పటినుంచి రెండు వైపులా తానే ఆడుకుంటోంది. ఎటు గెలిచినా ఎదురుగా ఎవరూ ఉండరు. ఎదురు కూచునే మనిషి లేకపోయినా కంప్యూటర్ ఆడుతుందని విన్నాక ఆమెకు అన్నం సయించలేదు.

నూరుద్దీన్ మూడు ఫ్లాపీలు చూపించాడు. మూడింటిలో మూడు చదరంగాలు. మిషన్‌లో జాగా ఒక్కదానికే ఉంది.

"ఆడి చూడు బిడ్డా. నీకు ఆడనీకె అల్కగ ఉన్నదేదో చెప్పు, గదే ఉంచుత. ఐతారం ఐతారం వచ్చి ఆడుకో. పన్నెండింటికి ఫ్లాపీలు వాపస్ ఇయ్యాలె."

మొదటిదానికి ప్రతి గడి పేరూ అక్షరాలు కొట్టి చెప్పాలి. అక్షరం దొరికేలోపు ఎత్తు మరిచిపోయేది. రెండోదాంట్లో గుర్రం సకిలించేది, కానీ ఒక్క తప్పు చేస్తే పన్నెండు ఎత్తుల్లో ఆట ముగించేది. మూడోది చూడటానికి వెలిసిన చీరలా ఉంది. బాణం గుర్తుల మీటలతో పావు కదిలేది. తప్పు ఎత్తును వెనక్కి తీసుకోనిచ్చేది. ఎక్కడ తప్పిందో చూపించేది. సారు కూడా అట్లాగే, "మళ్లీ చూసుకో" అని ఊరుకునేవాడు. ఇదే కావాలని యాదలక్ష్మి మనసులో అనుకుంది. ఆట పూర్తయ్యాక చెబుదామని ఆగింది.

కంప్యూటర్‌కి దుమ్ము పడదని నూరుద్దీన్ చెప్పులు బయటే విడిపిస్తాడు, పరదా దించుతాడు, మాట్లాడనివ్వడు. నల్లా నీళ్లకు వెళ్లొస్తున్న పక్కింటామె అండాలు ఆ చెప్పుల వరస చూసింది. లోపల చప్పుడు లేదు. ముసలామెకు జ్వరమని తెలుసు. బిందె దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాలుగిళ్లకు చెప్పి వచ్చింది.

చావింట్లో ఏమైందని ఎవరూ అడగరు. చెప్పులు విడిచి, తల వంచుకుని కూచుంటారు. వచ్చినవాళ్లూ అట్లాగే కూచున్నారు. చెప్పుల కుప్ప పెరిగేకొద్దీ వచ్చేవాళ్లకు అనుమానం తగ్గింది. ఊరికి కంప్యూటర్ మీద ఇంత ఇష్టం ఉందా అని మురిసిపోయి నూరుద్దీన్ జంపఖానా పరిచాడు, పెదవి మీద వేలు పెట్టి అందరినీ కూచోమని సైగ చేశాడు. ఎదురింటి సోమన్న వచ్చి, ఓదార్పుగా మారయ్య చెయ్యి పట్టుకుని మెల్లగా నొక్కాడు. కూతురు ఓడిపోతోందని మారయ్యకు అర్థమైంది.

నిజానికి యాదలక్ష్మి గెలుస్తోంది. పావు జరిపినప్పుడల్లా వెనకాల ముప్పై మంది నిట్టూర్చడంతో చెవులు వేడెక్కాయి గానీ, ఇంకో రెండెత్తులే ఉన్నాయి.

అండాలు ఇక ఆపుకోలేకపోయింది. "ఓ గులాబవ్వా, మొన్న గూడ నాతోటి నవ్వుకుంట మాట్లాడితివి గదనే" అని శోకం ఎత్తుకుంది.

లోపలి తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని గులాబ్‌బీ నిలబడి ఉంది.

"ఎవలు పోయిండ్రే?"

అందరూ తననే చూడటంతో ముసలామెకు సంగతి తెలిసిపోయింది. చీపురు అందుకుంది.

"నేను పోయిననాడు కబురు పంపుత. లేవుండ్రి ఇగ."

అందరూ లేచారు. పెద్దవాళ్లు లేవమంటే యాదలక్ష్మి కూడా లేచింది. ఆ తోపులాటలో గడప దాటింది. మారయ్య అప్పటికే కుప్పలో తన చెప్పులు వెతుకుతున్నాడు.

"ఏది ఉంచాలె బిడ్డా?" లోపలినుంచి నూరుద్దీన్ అడిగాడు.

ముప్పై మంది ఆమె వైపు తిరిగారు. తల దించుకుని మూడు వేళ్లు ఎత్తింది. గులాబ్‌బీ నూరుద్దీన్ చూసేలోపే ఆ వేళ్ల ముందు తలుపు మూసి గొళ్లెం పెట్టింది.

అండాలు దగ్గరికి తీసుకుని కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. "ఏడ్వకు బిడ్డా. ముసలామె మంచిగనే ఉన్నది."