మంచంతో సహా రివాల్వర్

ఆ రోజుకు వెంకటగిరియప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తిని, మంచం పక్కన ఉన్న రివాల్వర్ తీసి పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి, అక్కణ్ణుంచి తన తువ్వాళ్ళ అంగడికి పోవడం. ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులున్నవాళ్ళంతా ఎన్నికలు అయ్యేదాకా వాటిని స్టేషన్‌లో ఉంచి రసీదు తీసుకోవాలి. ఆ సాయంత్రంతో గడువు ముగుస్తుంది. ఇవ్వకపోతే లైసెన్సు పోతుంది, దాంతోపాటు రివాల్వరూ పోతుంది. అది వాళ్ళ నాయనది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఏటా ఆయుధపూజకు బీరువాలోంచి తీసి, పసుపూ కుంకుమా పెట్టి, తుడిచి మళ్ళీ బీరువాలో పెట్టేవాడు.

బీరువాలోంచి అది మంచం దగ్గరికి రావడానికి కారణం వెనక వీధిలో పోయిన గ్యాస్ సిలిండర్. బెంగళూరు కాటన్‌పేటలో పుట్టి పెరిగిన వెంకటగిరియప్పకు ఆ వార్త తర్వాత నిద్ర పట్టలేదు. "దొంగోడు వచ్చినప్పుడు, కొంచేపు నిలబడప్పా, బీరువా తాళం వెతుక్కోవాల అంటే నిలబడతాడా?" అని ఇంట్లో అందరినీ అడిగాడు. చెయ్యి చాపితే రివాల్వర్ అందాలి, అంతే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నాలుగో కాలు వెతకలేదు.

బెళ్ళందూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే కొడుకు చేతన్ మాత్రం, తుపాకి దిండు కింద పెట్టుకోవడం కుదరదని గట్టిగా చెప్పి, బొటనవేలు పెడితే తెరుచుకునే స్టీలు పెట్టె ఒకటి కొనిచ్చాడు. పాత గోడకు బిగిస్తే గోడే రాలింది. అందుకని వడ్రంగి నరేశ్ దాన్ని నాయన కాలంనాటి టేకు మంచానికి బిగించాడు. దొంగ ఊడదీయకుండా బోల్టులు పెట్టె లోపలి నుంచి వేశాడు. పెట్టెతో వచ్చిన తాళంచెవిని ఎక్కడ దాచాలని వెంకటగిరియప్ప ఒక పూటంతా ఆలోచించి, ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటులో పెట్టాడు. ఆ ఊపులోనే వాకిలికి ఒక ఇనుప గ్రిల్లు కూడా వేయించాడు.

"తుపాకి పండుకునే మంచం మీద నేను పండుకోను," అని భార్య భాగీరథమ్మ చాప తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. ఇది ఆయనకు లోపల్లోపల చాలా బాధగానే ఉంది. కానీ ఇంటిని కాపాడేవాడు కొంత ఓర్చుకోవాలి కదా అనుకున్నాడు. ప్రతి ఉదయమూ కళ్ళు మూసుకుని పడుకుని, ఉలిక్కిపడినట్టు లేచి, పెట్టె తెరిచే అభ్యాసం చేసేవాడు. ఒక్కరోజు కూడా అది మొరాయించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భాగీరథమ్మ తమ్ముడి కుటుంబం భోజనానికి వస్తోంది. అనపకాయల కాలం కాబట్టి పితికిన పప్పు పులుసు లేకుండా చుట్టాలకు అన్నం పెట్టడం బెంగళూరులో మర్యాద కాదు. రాత్రి నానబెట్టిన గింజల బేసిన్ ఆవిడ తెచ్చి భర్త ముందు పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి పడుతుంది. కాఫీ తాగినప్పటి నుంచి పితికి పితికి, బేసిన్ ఖాళీ చేసి, చేతులు తుడుచుకుని వెంకటగిరియప్ప పెట్టె మీద బొటనవేలు పెట్టాడు.

ఎర్రలైటు వెలిగింది. ఇంకో వేలు పెట్టాడు. మళ్ళీ ఎర్రలైటే. గట్టిగా నొక్కాడు. పెట్టె కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది.

"ఏమిరా ఇది, నన్నే దొంగ అంటాండాది?" అన్నాడు.

చేతన్ వచ్చి బ్యాటరీలు మార్చాడు. ఎర్రలైటు ఇంకా ఎర్రగా వెలిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే, మనిషిని ఎల్లుండి పంపుతామన్నారు. "సరే నాన్నా, తాళంచెవి యాడుండాది?"

వెంకటగిరియప్ప పెట్టెను చూపించాడు.

"లోపలనా?"

"భద్రంగా ఉంటాదని."

చేతన్ ఉద్యోగంలో నేర్చుకున్న ఓపికంతా వాడి, స్టేషన్ నంబరు వెతికి తండ్రికిచ్చాడు. వెంకటగిరియప్ప స్టేషన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాడు. "తెరుచుకోకపోతే ఏం సార్, పెట్టెతోనే తెచ్చెయ్యండి, ఈడ చూసుకుందాం," అన్నాడు అవతలి కానిస్టేబుల్. మంచం సంగతి చెప్పేలోపల ఫోన్ పెట్టేశాడు.

నరేశ్‌ను పిలిపించారు. అతను మంచం కింద దూరి, పైకి లేచి, తల గోక్కున్నాడు. "సావుకారూ, నేను వేసిన బోల్టు నేనే తీయలేకుండా ఉండాను. అంత బాగా వేసినా. మంచం పట్టె కోసేద్దామా?"

"మా నాయన మంచానికి రంపం పెడితే నాకు పెట్టినట్టే."

"అయితే మంచమే పోవాల."

"పోనీ. లైసెన్సు మాత్రం పోకూడదు."

మంచం వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది. కొత్త గ్రిల్లు వాకిలిని జానెడు ఇరుకు చేసింది. నరేశ్ గ్రిల్లు ఊడదీశాడు, అది వంగింది. అయినా పట్టకపోతే తలుపు కూడా కీళ్ళ నుంచి తీసి గోడకు ఆనించాడు. చేతన్, నరేశ్, ఇంకో ఇద్దరు నాలుగు కోళ్ళు పట్టుకుని మంచాన్ని వీధిలోకి తెచ్చారు. వెనక వెంకటగిరియప్ప, భుజాన తువ్వాలుతో, పళ్ళు బిగించుకుని నడిచాడు.

ఎదురింటి శాంతమ్మ ఇదంతా చూసింది. నెల నుంచి భాగీరథమ్మ హాల్లో వేరుగా పడుకుంటోందని ఆవిడకు తెలుసు, ఆరోగ్యం బాగాలేదేమో అనుకుంటూనే ఉంది. ఆ పొద్దున భాగీరథమ్మ వెనక వంటింట్లోంచి బయటికే రాలేదు. మనిషి పోతే గాని మంచం ఇలా వీధిలోకి రాదు. శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎప్పుడన్నా?" అంది.

"పొద్దున్నే అమ్మా," అన్నాడు వెంకటగిరియప్ప, ఆలోచనంతా పెట్టె మీదే ఉండి.

మంచాన్ని గూడ్స్ ఆటోలోకి ఎక్కించి, పెట్టె ఎవరి కంటా పడకుండా పరుపూ దుప్పటీ కప్పారు. ఆటో మెల్లగా కదిలింది. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు షటర్లు సగం దించి, పూల అంగడి నుంచి ఒక దండ కొని, తలలు వంచుకుని ఆటో వెనక నడిచారు. శ్మశానం ఇటు కాదు కదా అని ఒకరిద్దరికి అనుమానం వచ్చింది గాని, దుఃఖంలో ఉన్నవాణ్ణి దారి గురించి ఏం అడుగుతారు.

శాంతమ్మ ఏడ్చుకుంటూ తలుపు లేని ఇంట్లోకి వెళ్ళింది. భాగీరథమ్మ గరిటెతో ఎదురొచ్చింది.

"ఎవరు పోయినారే?"

"నువ్వే అక్కా," అంది శాంతమ్మ, ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక.

భాగీరథమ్మ పొయ్యి ఆర్పింది, పులుసు గిన్నె మీద మూత పెట్టింది, శాంతమ్మ చెయ్యి పట్టుకుని ఇంకో ఆటో ఎక్కింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ మోహన్‌కుమార్ కిటికీలోంచి చూశాడు. ఒక మంచం, ఒక దండ, వెనక జనం. ఎన్నికల వేళ గుంపులు కూడకూడదని ఆ పొద్దునే గేటుకు నోటీసు అంటించాడు.

"ధర్నానా? పర్మిషన్ ఉండాదా?"

"తుపాకి ఇయ్యడానికి వచ్చినా సార్."

"మంచం ఎందుకు?"

"తుపాకి మంచానికుండాది సార్. పెట్టెతోనే తెమ్మన్నారు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ వైపు చూశాడు. "పెట్టె అన్నాను సార్, మంచం అన్లేదు," అన్నాడు కానిస్టేబుల్.

"మరి మీరంతా ఎవరు?" అని ఇన్‌స్పెక్టర్ జనాన్ని అడిగాడు.

"సావుకి వచ్చినాం సార్."

"ఎవరి సావుకి?"

సరిగ్గా అప్పుడే భాగీరథమ్మ ఆటో దిగింది. దండ పట్టుకున్నవాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. మిగతావాళ్ళు ఆవిడ ముఖం చూసి, బతికి ఉన్నందుకు సంతోషించాలో, అంగడి మూసినందుకు విచారించాలో తేల్చుకోలేక నిలబడ్డారు.

"అందరూ నోరు మూసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సార్, మీరు నా ముందర ఇంకొకసారి వేలు పెట్టండి."

వెంకటగిరియప్ప ఎండలో గూడ్స్ ఆటో కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చిన మనిషి. చెయ్యి తువ్వాలుకు రాసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని, బొటనవేలు పెట్టాడు. పచ్చలైటు వెలిగి పెట్టె చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. లోపల రివాల్వర్, పక్కనే తాళంచెవి.

భాగీరథమ్మ ఆయన వేలు పట్టుకుని చూసింది. "పొద్దున పప్పు పితికినప్పుడు వేళ్ళు ముడతలు పడి ఉండె. ఇప్పుడు ఆరినాయి. ఒక గంట ఊరికే కూర్చోని ఉంటే ఇంట్లోనే తెరుచుకునేది."

చేతన్ ఫోన్‌లో ఏదో చాలా ముఖ్యమైనది చూడసాగాడు. వెంకటగిరియప్ప రసీదు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లైసెన్సు దక్కింది. మనసు తేలికపడి భార్య వైపు తిరిగాడు. "ఇంటికాడ ఎవరుండారు?"

"నేనుంటి," అంది భాగీరథమ్మ.

తలుపు గోడకు ఆని ఉంది. గ్రిల్లు వంగి ఉంది. నరేశ్ మంచం కోడు పట్టుకుని ఇక్కడే ఉన్నాడు. వెంకటగిరియప్ప అందరికంటే ముందు ఆటో ఎక్కాడు. మంచం, మనుషులు, శాంతమ్మ, అంతా ఒకే గూడ్స్ ఆటోలో ఇంటికి పరుగెత్తారు.

ఇంట్లో బీరువా బీరువాలాగే ఉంది. సిలిండర్ పొయ్యి దగ్గరే ఉంది. పోయింది ఒక్క పితికిన పప్పు పులుసే. భాగీరథమ్మ తమ్ముడు చెయ్యి కడుక్కుని వస్తూ, "మా కోసరం తలుపే తీసి పెట్టినారు కదా బావా, వడ్డించుకుని తినేసినాం," అన్నాడు.

వంగిన గ్రిల్లు తిన్నగా చేసి తలుపు మళ్ళీ బిగించాలంటే రేపే అన్నాడు నరేశ్. ఆ రాత్రి ఇంటికి తుపాకీ లేదు, తలుపూ లేదు. మేలుకుని కాపలా కాయాల్సిందేనని వెంకటగిరియప్ప తీర్మానించుకుని మంచం మీద కూర్చున్నాడు. భాగీరథమ్మ చాప చుట్టి మూలన పెట్టి, వచ్చి పక్కన పడుకుంది. ఆయన తీర్మానం అక్కడితో సరి. నెల రోజుల తర్వాత మొదటిసారి తెల్లవార్లూ గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఎన్నికలు అయిపోయాయి. తుపాకి తీసుకుపొమ్మని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆయన బేసిన్ ముందు కూర్చుని ఉన్నాడు. అనపకాయల కాలం ఇంకా అయిపోలేదు.

"ఏమని చెప్పమంటావు నాన్నా?" అని చేతన్ అడిగాడు.

వెంకటగిరియప్ప ఇంకో గింజ పితికాడు. "వేళ్ళు ఇంకా ఆరలేదని చెప్పురా."