వెనక కుడి కాలు

ఆ రోజు పొద్దున్న గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి మాత్ర మింగించడం, ఎనిమిదికి పెరట్లోకి తీసుకెళ్ళడం, ఎనిమిదింబావుకి ఆఫీసుకు ఫోన్ చేసి మూడు రోజులు సెలవు అడగడం. అంతే. బడిలో లెక్కలు చెప్పే అతని భార్య చెప్పులు వేసుకుంటూనే మరోసారి అప్పగింతలు పెట్టింది.

"ఏమండీ, కుట్లు నాకనివ్వకండి. నున్నటి గచ్చు మీద నడిపించకండి. దూకనివ్వకండి. నాన్నతో గొడవ పెట్టుకోకండి."

మొదటి మూడూ తన చేతిలో ఉన్నవే అనుకున్నాడు గుమాస్తా.

ఈ జాగ్రత్తలన్నీ పెద్దాయన కోసం. పెద్దాయన అంటే వాళ్ళ కుక్క. ఎవరో వదిలేసిపోతే మూడేళ్ళ కిందట ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటికే కనుబొమలు నెరిసి, హాలు మధ్యలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తూకం వేస్తున్నట్టు చూసేది. అలాంటి ముఖాన్ని పట్టుకుని "రారా" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మొదటి రోజు నుంచే గారూ మీరూ మొదలయ్యాయి, పేరు దానంతటదే స్థిరపడింది. దీనికి అభ్యంతరం చెప్పినవాడు ఒక్కడే, గుమాస్తా మామగారు. నలభై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి, కూతురి దగ్గర ఉంటున్న మనిషి. "ఈ ఇంట్లో పెద్దాయన్ని నేను. అది కుక్క" అని తేల్చి చెప్పి, మూడేళ్ళుగా ఆ కుక్కని పేరు పెట్టి పిలవలేదు. ఎవరూ చూడనప్పుడు తన పళ్ళెంలోంచి దానికి ముద్దలు పెట్టేవారు. అది వేరే సంగతి.

పెద్దాయన వెనక కుడి కాలి ఎముకలో గడ్డ లేచింది. "కాలు పోతుంది, ప్రాణం మిగులుతుంది" అని పశువుల డాక్టరు మొన్న ఆపరేషను చేసి కాలు తొడ దాకా తీసేశాడు. ఇంటికి పంపిస్తూ ఒక మాట అన్నాడు. "మూడు కాళ్ళతో పరుగులు తీసే కుక్కల్ని బోలెడు చూశాను. కానీ ముందు తనంతట తాను లేవాలి. రెండు రోజుల్లో లేవకపోతే నాకు ఫోన్ చెయ్యండి." ఇది రెండో రోజు. పెద్దాయన మెడకి ప్లాస్టిక్ గరాటా పెట్టుకుని, కుట్లు కనపడకుండా మాస్టారి పాత బనీను తొడుక్కుని, పరుపు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు.

మాత్ర మూడుసార్లు ఉమ్మించుకున్నాక గుమాస్తా ఫోన్ తీశాడు. అతను పనిచేసేది నీటి సరఫరా ఆఫీసులో. "మా వీధిలో నీళ్ళు రావడం లేదు" అని వచ్చేవాళ్ళ ఫిర్యాదులు రాసుకోవడం అతని పని. అక్కడి సూపరింటెండెంటు చేతిలో నీళ్ళైనా రాలతాయేమో గాని సెలవు రాలదని ప్రతీతి.

"సార్, మూడు రోజులు సెలవు కావాలండి."

"దేనికి?"

"పెద్దాయనకి కాలు తీసేశారండి."

అవతల కుర్చీ కిర్రుమంది. "తీసేశారా! మొత్తమా?"

"తొడ దాకా సార్."

"అయ్యయ్యో! షుగరా?"

"కాదండి, ఎముకలో గడ్డ."

"ఎంత పని జరిగిందయ్యా! మొన్నటిదాకా రోజూ మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగేవారని నువ్వే కదా చెప్పావు. బళ్ళో ఎంతమంది పిల్లల చేత పరుగులు పెట్టించి ఉంటారు! మూడు రోజులేం సరిపోతాయి? వారం తీసుకో."

అప్పుడు వెలిగింది గుమాస్తాకి. "సార్, అదీ..." అని నోరు తెరిచాడు కూడా. కానీ పదకొండేళ్ళ సర్వీసులో ఒంటిపూట సెలవు కోసం కాళ్ళావేళ్ళా పడ్డ మనిషి చెవిలో 'వారం' అన్న మాట పడేసరికి, తెరిచిన నోరు దానంతటదే మూతపడింది. ఫోన్ పెట్టేశాక ఒక్క నిమిషం తప్పు చేసినట్టు అనిపించింది. రెండో నిమిషానికి పెద్దాయన మూలిగాడు, ఆ సంగతి మరిచిపోయాడు.

పదకొండు గంటలకి సన్నగా జల్లు పడుతోంది. వాన వల్ల నడకకు వెళ్ళలేకపోయిన మాస్టారు ముందు గదిలో పడక కుర్చీలో దుప్పటి కప్పుకుని, అలవాటు ప్రకారం కుడి కాలు మడిచి కిందేసుకుని పేపరు చదువుతున్నారు. అలా కూర్చుంటే అరుగుదల బాగుంటుందని ఆయన నమ్మకం. దుప్పటి కింది నుంచి ఎడమ పాదం ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

గుమాస్తా వెనక పెరట్లో, వసారా చూరు కింద ఉన్నాడు. పెద్దాయన నడుం కింద నుంచి తువ్వాలు దూర్చి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, వంగి నిలబడ్డాడు. పెద్దాయన బరువంతా తువ్వాలు మీదే ఉంది. వదిలితే కుట్ల మీద పడతాడు. పొద్దుటి నుంచి ఒంటికి వెళ్ళని ప్రాణి ఇప్పుడే గోడ వైపు ఆలోచనగా చూస్తోంది. సరిగ్గా ఆ క్షణాన వీధి తలుపు చప్పుడైంది.

"లోపలికి రావచ్చాండీ?"

సూపరింటెండెంటు గొంతు. వెనకే క్యాషియరు దగ్గు, టైపిస్టమ్మ ముక్కు చీదిన శబ్దం, గడప మీద చక్రాలు ఎక్కిన చప్పుడు. ఆఫీసు స్టోరులో పడి ఉన్న చక్రాల కుర్చీని తుడిచి తెచ్చారు.

గుమాస్తా తల గుమ్మం వైపు తిరిగింది. చేతులు మాత్రం తువ్వాలుకే ఉన్నాయి.

"వస్తున్నా సార్!" అని వంటింటి కిటికీ వైపు అరిచాడు.

"నువ్వు నీ పని చూసుకోవయ్యా, మేం మాట్లాడుతుంటాం."

"మావయ్యగారూ! మీరేం మాట్లాడకండి!"

లోపల చక్రాల కుర్చీ ఆగిన చప్పుడు. తర్వాత టైపిస్టమ్మ మెల్లిగా అనడం వినిపించింది. "పాపం, ఇంట్లో నోరెత్తనివ్వడు కాబోలు."

"నా ఇంట్లో నా నోరు ముయ్యడానికి వాడెవడు? కూర్చోండి, కూర్చోండి" అన్నారు మాస్టారు.

"ఎలా ఉందండీ ఇప్పుడు?" సూపరింటెండెంటు గొంతులో గుమాస్తా ఎన్నడూ వినని మెత్తదనం.

మాస్టారు కదిలిపోయారు. కుక్కని చూడటానికి ఆఫీసర్లు రావడమంటే మాటలా? తను మూడేళ్ళు పలకని పేరుని వాళ్ళ మర్యాద కోసం పలికారు. "పెద్దాయన రాత్రి కొంచెం మూలిగారు. పొద్దున్న ఫర్వాలేదు."

"ఏ కాలండీ తీసింది?" అన్నాడు క్యాషియరు.

"వెనక కుడి కాలు."

"వెనక..."

"నయమే. ముందు కాలైతే ఇబ్బందయ్యేదట. బరువంతా ముందు కాళ్ళ మీదే కదా ఉండేది. మిగిలిన మూడూ గట్టిగానే ఉన్నాయి, ఫర్వాలేదన్నాడు డాక్టరు."

పెరట్లో గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. "మత్తు ఇంకా దిగలేదు సార్" అని క్యాషియరు గుసగుసలాడటం అక్కడిదాకా వినిపించింది.

"భోజనం ఏమన్నా చేస్తున్నారా?" టైపిస్టమ్మ అడిగింది.

"ముట్టడం లేదమ్మా. గిన్నె ముక్కు కింద పెట్టినా మొహం తిప్పేస్తున్నారు. నిన్న సాయంత్రం నా చెప్పు కాస్త నమిలారు. హమ్మయ్య అనుకున్నాం."

"చె... చెప్పా?"

"ఎడమది. అసలు బాధ ఆ గరాటాతో. మెడకి పెట్టకపోతే కుట్లు నాకేస్తారు."

"ఎవరండీ నాకేది?"

"పెద్దాయనే. ఆయన కుట్లు ఆయన నాక్కోక, నేను నాకుతానా?"

టైపిస్టమ్మ వెక్కి వెక్కి ఏడవటం మొదలుపెట్టింది. గుమాస్తా తువ్వాలుతోనే రెండడుగులు వంటింటి వైపు జరగబోయాడు. పెద్దాయన ముందు కాళ్ళు తన్నిపట్టి కదలనన్నాడు.

"సార్! అది మా మావయ్యగారు కాదు సార్!" అని గొంతు చించుకున్నాడు.

"వింటున్నారా? కాలు పోయిన మనిషిని మామగారే కాదంటున్నాడు" అన్నాడు క్యాషియరు.

"వాడికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదులెండి" అని మాస్టారు అల్లుణ్ణి వెనకేసుకొచ్చారు. "పెద్దాయన్ని నడుం కింద తువ్వాలేసి పెరట్లోకి మోసుకెళ్ళాడు. ఇప్పుడు ఒంటికి పోయిస్తున్నాడు."

"ఎవర్ని?"

"పెద్దాయన్ని."

"మరి మీరు?"

"నేనిక్కడున్నాగా."

సూపరింటెండెంటు లేచాడు. నీటి గొట్టం పగిలినప్పుడు మాత్రమే వాడే గొంతు బయటికి తీశాడు. "ఇంకా చూస్తారేమిటయ్యా? మనిషి తనని తాను రెండుగా చూసుకుంటున్నాడు. తలకెక్కింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పట్టండి!"

"ఏయ్! ఏయ్! ముట్టుకోకండి!" మాస్టారు దిగ్గున లేవబోయారు. గంట నుంచి మడిచి ఉంచిన కుడి కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. లేచిన మనిషి లేచినట్టే పక్కకి ఒరిగి క్యాషియరు చేతుల్లో పడ్డారు. దాంతో ఎవరికైనా ఇంకా అనుమానం మిగిలి ఉంటే అది కూడా తీరిపోయింది. దుప్పటితో సహా చుట్టేసి చక్రాల కుర్చీలో కూలేశారు. "భయపడకండి నాన్నగారూ, మేమున్నాం" అని టైపిస్టమ్మ తల నిమురుతోంది. సూపరింటెండెంటు గడప దగ్గర కుర్చీ వెనక్కి వంచాడు. వీధిలోకి ఇంకో రెండడుగులు.

అప్పుడు మాస్టారు ఊపిరి బిగించి, ఐదువందల మంది పిల్లల్ని ఎండలో నిలబెట్టిన ఆ పాత గొంతు తీశారు.

"అటెన్-షన్!"

కిటికీ రెక్కలు అదిరాయి. క్యాషియరు మడమలు కలిపాడు. టైపిస్టమ్మ ఏడుపు సగంలో ఆపి గడ్డం పైకెత్తింది. సూపరింటెండెంటు చేతులు కుర్చీ వదిలేసి తొడలకి అంటుకుపోయాయి.

పెరట్లో గుమాస్తా చేతుల్లో ఏదో తేడా వచ్చింది. తువ్వాలు తేలికైంది. ముందు తను వదిలేశాననుకుని హడలిపోయి కిందికి చూశాడు. వదల్లేదు. తువ్వాలు వదులుగా వేలాడుతోంది. దాని పైన పెద్దాయన, చెవులు నిక్కబొడుచుకుని, మూడు కాళ్ళ మీద, తనంతట తాను నిలబడి ఉన్నాడు. కాసేపు కొంచెం ఊగాడు. తర్వాత ఆగాడు. తర్వాత, ఇంతసేపూ వాయిదా వేసిన పని గోడ దగ్గర తీరుబడిగా పూర్తి చేసుకుని, పిలిచింది ఎవరో తేల్చుకుందామన్నట్టు వంటింట్లోకి గెంతుకుంటూ బయల్దేరాడు.

గుమాస్తాకి కళ్ళు మసకబారాయి. తువ్వాలు కొసలు పట్టుకుని, రాజుగారి ఉత్తరీయం మోసే నౌకరులాగా వెనకే నడిచాడు.

ముందు గదిలో మాస్టారు అప్పటికి తిమ్మిరి దులుపుకుని కుర్చీలోంచి లేచారు. దుప్పటి జారిపోయింది. క్యాషియరు అలవాటు కొద్దీ రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ రెండే వచ్చాయి.

"కాలు ఉందేమిటి?" అన్నాడు సూపరింటెండెంటు, మోసపోయినవాడిలా.

"పుట్టినప్పటి నుంచీ ఉంది" అన్నారు మాస్టారు.

ఆ మాట పూర్తవుతుండగానే వంటింటి గుమ్మంలో ముందు గరాటా, తర్వాత బనీను, తర్వాత మూడు కాళ్ళు, చివరికి గుమాస్తా ప్రవేశించారు. సూపరింటెండెంటు ముఖం ఎర్రబడుతూ వచ్చింది.

"ఫోన్లో ఏం చెప్పావయ్యా నువ్వు?"

"పెద్దాయనకి కాలు తీసేశారని చెప్పాను సార్."

"ఎవరయ్యా పెద్దాయన?"

గుమాస్తా మామగారి వైపు చూశాడు. మామగారు గుమాస్తాని చూడటం లేదు. నిలబడి ఉన్న కుక్కనే చూస్తున్నారు.

"వీరే" అన్నారు మాస్టారు. "ఈ ఇంటికి పెద్దాయన వీరే. నేను ఆయన తర్వాత."

"కుక్కకా! కుక్క కోసమా నేను వారం..." సూపరింటెండెంటు కుక్క వైపు వేలు చూపించాడు. "సెలవు రద్దు! రేపు పదింటికి నువ్వు సీట్లో లేకపోతే..."

లేకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన మూడు గెంతుల్లో గది దాటి వచ్చి, రోగి కోసం ఆయన తెచ్చిన బ్రెడ్డు పొట్లాన్ని గరాటాతో పొడిచాడు. సూపరింటెండెంటు ఉలిక్కిపడి, మాట ఆపి, చక్రాల కుర్చీలో కూలబడి, ఒక ముక్క తీసి ఇచ్చాడు. పెద్దాయన తిన్నాడు. మళ్ళీ ఇచ్చాడు, మళ్ళీ తిన్నాడు. మూడో ముక్కలో గుమాస్తా చటుక్కున మాత్ర దాచాడు, అదీ తిన్నాడు. రెండు రోజుల తర్వాత పెద్దాయన తిన్న మొదటి తిండి అది. అది కాస్తా లోపలికి వెళ్ళగానే అలసటతో అక్కడికక్కడే ఒరిగి, తల గరాటాతో సహా సూపరింటెండెంటు కుడి బూటు మీద పెట్టి నిద్రపోయాడు.

"కదలకండి సార్. నిద్ర చెడితే కుట్లకి మంచిది కాదు" అన్నాడు గుమాస్తా.

సూపరింటెండెంటు కదలలేదు. కాలు తీయలేక, కోపం సాగదీయలేక నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాడు. మొదటి పావుగంట గోడని చూశాడు. తర్వాత బనీను కింద ఊపిరి ఎలా లేచి పడుతోందో చూశాడు. చివరికి గొంతు బాగా తగ్గించి టైపిస్టమ్మని అడిగాడు.

"సెలవు కాగితంలో ఎవరికని టైపు చేశావమ్మా?"

"'ఇంటి పెద్దకి శస్త్రచికిత్స' అని చేశాను సార్."

"దిద్దక్కర్లేదు. అలాగే ఉండనీ."

మర్నాడు పదకొండింటికి సూపరింటెండెంటు మళ్ళీ వచ్చాడు, ఊరికే, దారిలో పని పడిందని. తన చేత్తో పెడితేనే పెద్దాయన మాత్ర మింగుతాడని ఆయనకి గట్టి నమ్మకం కుదిరింది. ఆయన సంతకాలు కావాలి గనక మూడో రోజు క్యాషియరు ఫైళ్ళు పట్టుకొచ్చాడు. నాలుగో రోజు టైపిస్టమ్మ మిషను కూడా వచ్చింది. ఐదో రోజు నుంచి నీళ్ళు రావడం లేదన్నవాళ్ళు నేరుగా గుమాస్తా ఇంటికే రావడం మొదలుపెట్టారు. మాస్టారు వాళ్ళని వరసలో నిలబెట్టేవారు. పెద్దాయన మూడు కాళ్ళతో ఆ వరస పొడుగునా గెంతుతూ ఒక్కొక్కరినీ వాసన చూసి పంపేవాడు. సెలవులో ఉన్న గుమాస్తా ఫిర్యాదులు రాసుకోలేక నడుం పడిపోయి, సెలవు ఎప్పుడైపోతుందా అని రోజులు లెక్కపెట్టుకున్నాడు.

ఎనిమిదో రోజున పదింటికల్లా ఆఫీసుకు వెళ్ళి చూస్తే గదులన్నీ ఖాళీగా ఉన్నాయి. అందరూ మీ ఇంటికే వెళ్ళారని చెప్పి, వాచ్‌మన్ తాళంచెవులు అతని చేతిలో పెట్టి తనూ అటే బయల్దేరాడు.