తోకలేని ప్రేక్షకులు

ఒక పెద్ద అడవిలో, పదిమందికి నచ్చింది తనకు చచ్చినా నచ్చదు అనే సుగుణం ఉన్న ఉడుము ఒకాయన ఉండేవాడు. పేరు పట్టయ్య. ఆ గుణాన్ని కొందరు తెగులు అనేవారు. పట్టయ్య మాత్రం అభిరుచి అనేవాడు. ఒక పుట్ట దగ్గర నలుగురు చేరి ఉసిళ్ళు బాగున్నాయన్నారంటే, ఆయన నోట్లో ఉన్నవి ఉమ్మేసి పక్క పుట్టకు నడిచేవాడు. ఈ కథ చెప్పేవాడికీ ఆ అభిరుచి పిసరంత ఉంది గనక, ఆయన్ని మరీ ఎక్కువ వెక్కిరించడం కుదరదు.

ఆ అడవిలో రెండు టీవీలు ఉండేవి. అడవికి టీవీ ఎలా వచ్చిందని అడక్కండి. వచ్చాక ఎలా పోదో మీకు తెలుసు, అది చాలు. పెద్దది కొండవాలులో, చిన్నది మడుగు ఒడ్డున. పొద్దువాలగానే రెంటిలోనూ సీరియల్ వచ్చేది. ఒకసారి వేసింది మళ్ళీ వేసే అలవాటు అక్కడ లేదు. చూస్తే చూసినట్టు, పోతే పోయినట్టు.

పెద్ద టీవీలో నక్క నాగభూషణం తీసే ‘నూటొక్క తోడికోడళ్ళు’. అందులో ఒక తోడికోడలు తలుపు తీసి “ఆఁ!” అంటే, తక్కిన నూరుమందీ ఒక్కొక్కరే ఇటు తిరిగి “ఆఁ!” అనేవారు. అందరి వంతూ అయ్యేసరికి తలుపు అవతల ఎవరున్నారో నాగభూషణమే మరిచిపోయేవాడు. అడవి అడవంతా అక్కడే కూర్చునేది.

చిన్న టీవీలో గిజిగాడు పిట్ట మంగతాయి అల్లే ‘వాగు దాటాలి’. ఒక ముసలి తాబేలు, వాగు అవతల ఉన్న చెల్లెలికి ఒక్క మాట చెప్పడానికి బయల్దేరుతుంది. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేక ఎన్నో వానాకాలాలు గడిచాయి. ఆ ఒక్క మాట ఏమిటో తాబేలు ఎవరికీ చెప్పదు. నడుస్తుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ నడుస్తుంది. అంతే కథ.

ఎవరూ చూడట్లేదని మొదలుపెట్టాడు గానీ, పట్టయ్య ఈ సీరియల్‌ను నిజంగానే ప్రేమించాడు. రోజూ మడుగు పక్క రాయి మీద బోర్లా పడుకుని, తోక వెనక్కి బారుగా చాపి, రెప్ప వేయకుండా చూసేవాడు. తాబేలు వెనక్కి తిరిగినప్పుడల్లా ఆయన గొంతు కింద తోలు అదిరేది. ఆ మాట వినకుండానే ఏ గద్దో తనను ఎత్తుకుపోతే ఎలాగని దిగులు పడేవాడు.

చుట్టూ కప్పలు కూర్చునేవి. వాటిని ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. కప్పలంటే మడుగు ఒడ్డున ఉండే తడి లాంటివని ఆయన ఉద్దేశం.

ఇక ఏ సీరియల్ ఉండాలో ఏది పోవాలో తేల్చేది తోకల లెక్క. పున్నమి పున్నమికీ ముంగిస గవర్రాజు ప్రేక్షకుల వెనకనుంచి నడుస్తూ తోకలు లెక్కపెట్టేవాడు. ముందునుంచి తలలు లెక్కపెట్టవచ్చు కదా అంటే, ముందునుంచి వెళ్తే పులులూ చిరుతలూ ఎదురవుతాయి. అందుకని ఉద్యోగంలో చేరిన రోజునే ఆయన వెనకవైపు ఎంచుకున్నాడు. తర్వాత అదే నిబంధన అయింది.

ఒక పున్నమినాడు లెక్క ముగించి గవర్రాజు మంగతాయిని పిలిచాడు.

“అమ్మాయ్, నీ సీరియల్‌కి ఒకటే తోక.”

“ఒకటుందిగా బాబాయ్!”

“ఉంది. నిబంధన ప్రకారం ఒక్కటున్నా నడుస్తుంది. వచ్చే పున్నమికి అది కూడా లేదనుకో, టీవీ మీద గుడ్డ కప్పేయాల్సిందే. తర్వాత నన్ననుకుని లాభం లేదు.”

పట్టయ్య రాయి మీదనుంచి దిగ్గున లేచాడు. “ఒక్క తోకా! ఇంత గొప్ప కథకి ఒక్క తోకా! ఎవడిదయ్యా ఆ దిక్కుమాలిన తోక?”

గవర్రాజు నోరు తెరిచాడు. “అది మరి...”

“నువ్వాగవయ్యా! తోకలు లెక్కపెట్టేవాడికి కళ విలువ ఏం తెలుస్తుంది?”

గవర్రాజు నోరు మూసుకున్నాడు. ఆగమంటే ఆగిపోవడం కూడా నిబంధనే.

మంగతాయి మెల్లగా అంది. “అన్నయ్యా, మీరు రోజూ వచ్చి ఆ రాయి మీద పడుకోండి. నాకదే పదివేలు.”

“నేనొక్కణ్ణి పడుకుంటే ఏమొస్తుంది పిచ్చిదానా? అడవంతా వచ్చి కూర్చోవాలి. నేను కూర్చోబెడతాను. ఉడుంపట్టంటే ఏమిటో చూద్దువుగాని!”

మర్నాడు పొద్దున్నే దారిలో జింక కనబడితే పట్టుకున్నాడు.

“ఏమ్మా, ‘వాగు దాటాలి’ చూస్తున్నావా?”

“లేదు పెదనాన్నా. ఎవరు చూస్తున్నారేమిటి?”

“ఎవరూ చూడట్లేదు. అందులోనే ఉంది దాని గొప్ప.”

“ఎవరూ చూడనిది నేనెందుకు చూడటం?”

“ఎవరూ చూడట్లేదు కాబట్టే!”

జింక గడ్డి నములుతూ ఆలోచించింది. “మరి నేను చూస్తే ఒకరు చూసినట్టవుతుందిగా. అప్పుడు దాని గొప్ప పోదూ?”

సరిగ్గా ఆ అనుమానమే పట్టయ్యకూ ఉంది. నిజంగా అడవంతా వచ్చి మడుగు ఒడ్డున ఒరుసుకుని కూర్చుంటే, ఆ తాబేలు తనకు ఇంతే నచ్చుతుందా? ఆ ఆలోచనను మింగేసి, ఆయన నేరుగా విమర్శక మండలికి వెళ్ళాడు.

మండలిలో ఇద్దరే. అధ్యక్షుడు గుడ్లగూబ పంతులుగారు. ఆయన పొద్దువాలాక నిద్రలేచి, కళ్ళు నలుపుకుని, వేటకు వెళ్ళిపోతారు. అంచేత ఏ సీరియలూ చూసే వీలుండదు. రెండో సభ్యుడు కొంగ కోటయ్య. ఆయన ఎప్పుడూ ఒంటికాలి మీదే ఉంటాడు. రెండో కాలు ఎటు మోపాలో పంతులుగారి మాట విన్నాక గానీ తేల్చుకోడు.

పట్టయ్య పగటి నిద్రలో ఉన్న పంతులుగారిని లేపి, కథంతా చెప్పి, “తమరు ఒక్క సాయంత్రం వచ్చి చూస్తే...” అన్నాడు.

పంతులుగారు గుండ్రటి కళ్ళు ఇంకా గుండ్రం చేశారు. “చూడటమా? చూసి అభిప్రాయం చెబితే పక్షపాతం అనరూ? బాగుంటే బాగుందనిపిస్తుంది, బాగులేకపోతే లేదనిపిస్తుంది. విమర్శకుడు ఆ పరిస్థితి తెచ్చుకోకూడదు.”

“నేనూ అదే అనబోతున్నాను,” అన్నాడు కోటయ్య.

“పెద్ద టీవీ సీరియల్‌ని అందరూ చూస్తారు. కనక అది చెత్త. నీదాన్ని ఎవరూ చూడరు. కనక అది గొప్పది. దీనికి చూడటం ఎందుకయ్యా, తర్కం చాలదూ?”

కోటయ్య రెండో కాలు కిందికి దించాడు. తీర్పు అయిపోయిందన్నమాట.

ఆ మధ్యాహ్నమే మండలి చాటింపు వేయించింది: ‘వాగు దాటాలి’ ఆదరణకు నోచుకోని ఆణిముత్యం.

ఇక చూడాలి అడవి వైభోగం. ఏ చెట్టు కింద చూసినా ఆణిముత్యం మాటే.

“ఆ తాబేలు గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపు ఆగట్లేదొదినా,” అంది కోతి.

“నిన్న చూశావా?” అంది కొండముచ్చు.

“అయ్యో! చూస్తే తట్టుకోగలనా?”

“నేనూ అంతే. చూసేవాళ్ళ గుండె రాయి అయ్యుండాలి.”

పొద్దువాలగానే ఇద్దరూ కళ్ళు తుడుచుకుని తోడికోడళ్ళ దగ్గరకు పరిగెత్తేవారు. మడుగు ఒడ్డున పట్టయ్య, కప్పలు, అంతే.

ఇదంతా చూసి నక్క నాగభూషణానికి కడుపు మండింది. తన దగ్గర తోకలున్నాయి గానీ మర్యాద లేదు. ఒకరోజు పొగడపూలు పట్టుకుని మండలికి వెళ్ళాడు.

“పంతులుగారూ, నా సీరియల్ కూడా ఆదరణకు నోచుకోనిదేనండి.”

“నీకు కొండవాలు నిండా తోకలేగా!”

“అవి ప్రేమతో వచ్చిన తోకలు కావండి, అలవాటుకొద్దీ వచ్చినవి. పైగా,” గొంతు తగ్గించాడు, “సగం తోకలు బల్లులవి. లెక్కకు ముందు వచ్చి, తోకలు అక్కడ పడేసి, వెళ్ళిపోతాయి. మళ్ళీ పున్నమికి కొత్తవి మొలుస్తాయి. మన ఏర్పాటేననుకోండి.”

పంతులుగారు గడ్డం కింద ఈకలు సవరించుకున్నారు. “వచ్చే పున్నమికి మండలి సభ పెడుతున్నాం. ఆణిముత్యానికి సన్మానం. ఆవేళ నీకు తోకలు తక్కువ పడితే, నీ పేరూ ఆలోచిద్దాం.”

నాగభూషణం వెళ్ళి ప్రేక్షకులకు హుకుం జారీ చేశాడు. పున్నమి సాయంత్రం అందరూ తోకలు కిందికి మడుచుకుని, వాటిమీద కూర్చోవాలి. బల్లులకు సెలవు.

పున్నమి వచ్చింది. సభలో ప్రధాన వక్త పట్టయ్య. వేళ పొద్దువాలాక.

“ఆ వేళకు సీరియల్ ఉంటుందండీ,” అని పట్టయ్య నసిగాడు. “తాబేలు వాగు దాటేసింది. ఇవాళో రేపో చెల్లెలి గుమ్మంలో...”

“నువ్వు రాకపోతే దాని గురించి మాట్లాడేదెవరయ్యా?” అన్నారు పంతులుగారు. “అడవి మొత్తమ్మీద చూసినవాడివి నువ్వొక్కడివే!”

ఆ మాట పట్టయ్య చెవిలో తేనెబొట్టులా పడింది. అందులో ఇంకేమైనా ఉందేమోనని ఆయన చూసుకోలేదు.

సభకు పోతుంటే దారిలో మంగతాయి ఎదురొచ్చి వాలింది. “అన్నయ్యా, ఇవాళ తాబేలు ఆ మాట చెప్పేస్తుంది. లెక్క కూడా ఇవాళే. వస్తున్నారు కదూ?”

పట్టయ్య కాళ్ళు మడుగువైపు ఒకసారి తిరిగాయి. కానీ నోటి నిండా ఉపన్యాసం ఉంది. అది సభవైపు లాగింది.

“నీకోసమేగా తల్లీ పోతున్నాను! ఇవాళ్టితో నీ సీరియల్‌కి తిరుగుండదు!”

మంగతాయి మడుగువైపు ఎగిరిపోయింది.

ఉపన్యాసం అద్భుతంగా సాగింది. తాబేలు మౌనంలో ఎన్ని పొరలున్నాయో పట్టయ్య ఒక్కొక్కటే ఒలిచి చూపించాడు. కోటయ్య రెండు కాళ్ళూ మోపి విన్నాడు. చప్పట్ల మధ్య, సరిగ్గా సన్మానం పూలదండ తేబోతుండగా, ముంగిస గవర్రాజు రొప్పుతూ వచ్చాడు.

“ఒక విషయం చెప్పి పోదామని. చిన్న టీవీ దగ్గర తోకలు సున్నా. పెద్ద టీవీ దగ్గరా సున్నా. రెంటిమీదా గుడ్డ కప్పేశాను.”

సభలో కాచుకుని కూర్చున్న నాగభూషణం ఉలిక్కిపడి లేచాడు. “సున్నా ఏమిటయ్యా! అందరూ అక్కడే ఉన్నారు, తోకలు మడుచుకుని కూర్చున్నారు! వెళ్ళి సరిగ్గా చూడు!”

“మడిచిన తోక లెక్కలోకి రాదు. నిబంధన.”

“తక్కువ పడాలన్నాం గానీ బొత్తిగా పోవాలన్నామా!” అని నాగభూషణం నెత్తి బాదుకున్నాడు. పంతులుగారు ఆకాశంలోకి చూశారు. కోటయ్య ఒక కాలు మెల్లగా పైకి ఎత్తుకున్నాడు.

పట్టయ్య ముందుకొచ్చాడు. “చిన్న టీవీకి ఒక్క తోక ఉండేదిగా! పోయిన పున్నమికి ఉందిగా! ఆ ఒక్క తోక ఏమైంది?”

గవర్రాజు తన అలవాటు ప్రకారం పట్టయ్య వెనకవైపుకు నడిచి వెళ్ళి, వంగి చూసి, అన్నాడు.

“ఇక్కడుంది.”

పట్టయ్య మడుగు దగ్గరకు ఎలా వచ్చిపడ్డాడో ఆయనకే తెలియదు. టీవీ మీద గుడ్డ ఉంది. మంగతాయి లేదు. ఒడ్డున బావురుకప్ప బుల్లెమ్మ, చుట్టూ ఆవిడ బంధువర్గం, అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

“చూశారా మీరు?” అన్నాడు పట్టయ్య. కప్పతో మాట్లాడటం ఆయనకు అదే మొదలు.

“చూడకేం బాబూ? మొదటి రోజునుంచీ చూస్తున్నాం, ఇంటిల్లిపాదీ. చివరి ముక్క కూడా చూశాం. ఆ తర్వాతే గుడ్డ కప్పాడు.”

“ఇంతమంది ఉండి లెక్కకు ఎందుకు రాలేదు?”

“మాకు తోకలెక్కడివి బాబూ? చిన్నప్పుడు ఉండేవి. అప్పుడేమో సీరియల్ అర్థం చేసుకునే బుద్ధి లేదు.”

“తాబేలు... చెల్లెలితో ఏమంది?”

“కూర్చోండి, చెబుతాను. అది ఇల్లు కదిలిన పొద్దునుంచీ...”

“అదంతా నాకు తెలుసమ్మా! ఆ ఒక్క మాట చెప్పు చాలు.”

బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది. “విడిగా చెబితే అది ఉత్త మాటే బాబూ. ‘నీళ్ళు తాగావా’ లాంటి మాట. ఆ నడకంతా నడిచి వచ్చి చెబితేనే అది ఆ మాట. కాసేపు కూర్చోండి మరి.”

పట్టయ్య కూర్చోబోయాడు. నిజంగానే తోక సర్దుకున్నాడు కూడా. అంతలో కోటయ్య ఎగురుకుంటూ వచ్చాడు.

“పట్టయ్యగారూ, గొప్ప కబురు! టీవీలు ఖాళీగా ఉంటే మృగరాజుగారికి కోపమొచ్చిందట. పెద్దదానిలో మన మండలినే మాట్లాడమన్నారు. ‘ఆణిముత్యాలు ఎందుకు రాలిపోతున్నాయి?’ అని చర్చ. మీరే అధ్యక్షులు. ఇప్పుడే మొదలు!”

పట్టయ్య బుల్లెమ్మ వైపు చూశాడు, కోటయ్య వైపు చూశాడు. “రేపు వస్తానమ్మా, తీరిగ్గా వింటాను,” అన్నాడు.

రేపు చర్చ రెండో భాగం ఉంది. ఎల్లుండి మూడో భాగం. అడవి చరిత్రలో అన్ని తోకలు ఏ కార్యక్రమానికీ రాలేదు. బల్లులు కూడా తోకలతో సహా ఉండిపోయాయి. నక్క నాగభూషణం ఇప్పుడు ఆ చర్చకు నిర్మాత. మంగతాయి మళ్ళీ గూళ్ళు అల్లుకుంటోంది. గూటికి విమర్శకులుండరు. గుడ్డు నిలిచిందా, పడిందా, అంతే. పట్టయ్య ఒకసారి చెట్టు కిందికి వెళ్ళి, “అమ్మాయ్, నీ గూడు ఆదరణకు నోచుకోని...” అని మొదలుపెడితే, ఆవిడ గడ్డిపోచ ముక్కున పట్టుకుని లోపలికి పోయింది.

ఒకనాటికి తీరిక చేసుకుని పట్టయ్య మడుగుకు వెళ్ళేసరికి వానలు వెనకపట్టాయి. నీళ్ళు ఇంకాయి. కప్పలన్నీ బురద కిందికి నిద్రకు వెళ్ళిపోయాయి. ఎండిన ఒడ్డు మీద రాయి ఒకటే ఉంది. ఆయన దానిమీద బోర్లా పడుకుని, తోక బారుగా చాపి, గుడ్డ కప్పిన టీవీని కాసేపు చూశాడు. చూస్తూ ఉండగానే, ఈ దృశ్యం చర్చలో ఎలా చెబితే బాగుంటుందో ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి లేచి వెళ్ళిపోయాడు.

తాబేలు తన చెల్లెలితో చెప్పిన ఆ ఒక్క మాట ఏమిటో పట్టయ్యకు ఇప్పటికీ తెలియదు. నోరు మూసుకుని చివరిదాకా కూర్చోవడం ఆయన ఇంకా నేర్చుకోలేదు.

నీతి: మంచి కథను అందరూ తప్పక చూడాలి, మనకైతే తీరిక ఉండదు, దాని గురించి చెప్పాలి కదా.