తోడు మాత్ర

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ ఉదయం గట్టి నిర్ణయమే తీసుకున్నాడు. ఐదో నెల కడుపుతో ఉన్న భార్యకు రక్తం తక్కువగా ఉందని, ఐరన్ మాత్ర మానితే కాన్పుకు కష్టమవుతుందని డాక్టరమ్మ చెప్పింది. భార్యేమో మాత్ర కనపడితే చాలు, మొహం చిట్లించి వంటింట్లోకి జారుకుంటోంది. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లకు పక్కసీట్లో ఒక మనిషి, ఆ మనిషి కాలికింద ఇంకో బ్రేకు ఉంటేనే ధైర్యం వస్తుందని మాస్టారి అనుభవం.

"ఇవాళ్టి నుంచి నువ్వొకటి, నేనొకటి," అంటూ తనకోసం విడిగా కొన్న మాత్రల షీటు తీశాడు.

"మీకెందుకండీ?"

"నీకు తోడు. చూడు, ఎంత తేలికో!" గుటుక్కున మింగేశాడు. ఆవిడా నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, బుద్ధిగా తలూపింది.

వారం తిరగకముందే ఒక పొద్దున మాస్టారు బాత్రూములోంచి వచ్చేసరికి ఆయన మొహాన నెత్తురుచుక్క లేదు. విరేచనం బొగ్గులా నల్లగా ఉంది. ఫోనులో వెతికితే 'లోపల రక్తం కారుతూ ఉండవచ్చు' అని మొదటి వాక్యంలోనే ఉంది. రెండో వాక్యం చదివే ధైర్యం లేకపోయింది. కడుపుతో ఉన్న మనిషికి ఇలాంటి మాట చెప్పకూడదు. మాత్ర మాత్రం మానకూడదు. తను మానితే ఆవిడా మానేస్తుంది. పళ్లు బిగించి ఆ పూటా మింగాడు.

ఆ రోజు కారు నేర్చుకుంటున్న టీచరమ్మ వెనక్కి తీస్తూ స్తంభానికి తగిలించింది. తిట్లు తినడానికి సిద్ధపడి కళ్లు మూసుకుంది.

"పర్వాలేదమ్మా," అన్నాడు మాస్టారు మెత్తగా. "రేపు నేనున్నా లేకపోయినా, అద్దం చూడటం మరిచిపోకండి."

టీచరమ్మ హడలిపోయి డ్రైవింగ్ స్కూలు ఓనరుకు చెప్పింది. మాస్టారు ఎదుటి స్కూలుకు మారిపోతున్నాడని ఓనరు తేల్చుకున్నాడు. మధ్యాహ్నం మాస్టారు అత్తగారికి ఫోను చేసి, "అమ్మాయి ఇకమీదట మీ దగ్గరే ఉంటే మీకేమైనా ఇబ్బందా అత్తయ్యా?" అని అడిగాడు. ఆవిడ ఫోను పెట్టేసి ఆటో ఎక్కింది.

సాయంత్రం ఆ ఇంటి ముందుగదిలో అందరూ ఒక్కసారే కలిశారు.

"ఒక్కమాట చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నావా?" అని ఓనరు నిలదీశాడు. వెనకాల టీచరమ్మ కారు తాళాలు పట్టుకుని నిలబడింది.

"విన్నావుటే! బయటివాళ్లకు కూడా తెలిసిపోయింది!" అత్తగారు కూతుర్ని పొదివి పట్టుకుంది. "కడుపుతో ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడికి బాబూ ప్రయాణం?"

"ఎక్కడికండీ?" అంది భార్య బెదురుగా.

మాస్టారికి దుఃఖం ఆగలేదు. "పైకి!"

అందరూ మేడ వైపు చూశారు.

అసలు సంగతి బయటపడేసరికి ఇల్లంతా గొల్లుమంది. మాస్టారు బండి నడిపే స్థితిలో లేడని టీచరమ్మే స్టీరింగు పట్టింది. ఓనరు, తల్లీకూతుళ్లు వెనకసీట్లో ఇరుక్కున్నారు. పోయే ప్రాణమైనా సరే, ఆస్పత్రి దాకా మాస్టారు బ్రేకు మీంచి కాలు తీయలేదు.

డాక్టరమ్మ నిదానంగా పరీక్ష చేసింది. "మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ. మా ఆవిడకు తోడుగా ఐరన్ మాత్ర, అంతే."

డాక్టరమ్మ స్టెతస్కోపు బల్లమీద పెట్టి, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. "ఆ మాత్రకు చాలామందికి అలా నల్లగా అవుతుంది. భయం లేదు. అవసరం లేని మాత్ర మీరు మాత్రం ఇవాళ్టితో ఆపండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ మాస్టారి భార్య వైపు తిరిగింది. "నువ్వూ భయపడి ఉంటావు. నీకూ నల్లగానే అవుతోందా?"

"అబ్బే, నాకేం లేదు డాక్టరుగారూ," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఎప్పటిలాగే..."

మాట సగంలో ఆగింది. ఐదు జతల కళ్లు ఆమె మీద వాలాయి.

"నాలుక కింద దాచి సింకులో ఊసేస్తున్నా," అంది తల దించుకుని. "ఆ వాసనకే కడుపులో తిప్పేస్తుంది. మీరేమో అంత ముచ్చటపడి మింగుతుంటే చెప్పలేకపోయానండీ."

"నాకు చెప్పాలి కదమ్మా! ఇంకో రకం రాస్తాను. భోజనం చేశాక వేసుకో. రోజూ వేసుకో," అంది డాక్టరమ్మ.

కొత్త మాత్ర ఆమెకు పడింది. పొద్దున్నే తలుపు అవతల్నుంచి "నల్లగానే ఉందండీ!" అని వినపడితే తప్ప, మాస్టారు ఇప్పుడు కాఫీ ముట్టుకోవడం లేదు.