ఉప్పునీళ్లకు సదస్సు

వ్యవసాయానికి నీళ్లక్కర్లేదు, ఎరువులక్కర్లేదు, గిట్టుబాటు ధర అసలే అక్కర్లేదు. కావలసింది సదస్సు!

ఈ మాట ఊరికే అనడం లేదు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, సభల్లో వ్యాఖ్యాతగా మైకు పట్టినవాణ్ణి. ఈ రెండేళ్లలో సుస్థిరాభివృద్ధి మీద పంతొమ్మిది సదస్సులను నా నోటితోనే మొదలుపెట్టి, నా నోటితోనే ముగించాను.

సుస్థిరాభివృద్ధి అంటే ఏంటంటారా? నేలనీ నీటినీ మనమే ఊడ్చేసుకోకుండా రేపటివాళ్లకు కాస్త మిగల్చడం. ఎంత సున్నితమైన మాట! పొలంగట్టున ఎండలో చెబితే వాడిపోదూ? అందుకే ఏసీ హాల్లో చెబుతాం.

అడవుల పెంపకం మీద సదస్సు పెడితే మొక్క నాటుతాం. ఏటా అదే గోతిలో నాటుతాం. కొత్త గొయ్యి తవ్వితే నేల నొచ్చుకోదూ? పశుపోషణ సదస్సులో గేదెకు పూలదండ వేస్తాం. అంగలకుదురులో ఒక గేదె ఆ దండను వేదిక ముందే తినేసింది. సేంద్రియ మేతకు అంతకంటే మంచి ప్రదర్శన ఏముంటుంది? ఇక చేపల పెంపకం సదస్సు అయితే మధ్యాహ్నం కొరమేను పులుసు ఖాయం. సబ్జెక్టును ఇంతగా జీర్ణించుకున్న మేధావులు ఇంకెక్కడైనా ఉన్నారా!

ఇంత మేలు జరుగుతున్నా, రేపల్లె అవతల ఒక పల్లెలో దుర్గాంబగారనే రైతుకు మాత్రం చిన్న ఇబ్బంది వచ్చిపడింది.

ఆవిడకు రెండెకరాల వరి, రెండు గేదెలు. పక్క పొలాన్ని మోహనకృష్ణ అనే ఆయన కౌలుకు తీసుకుని రొయ్యల చెరువు తవ్వాడు. వాడేసిన ఉప్పునీళ్లు మురుగుకాలవలోకి పోవాలి. అది దూరం. పంటకాలవ దగ్గర. అందుకని గట్టు కింద గొట్టం వేసి పంటకాలవలోకే వదిలాడు. మొదటి ఏడాది దుర్గాంబగారి వరి ఆకుల కొసలు మాడాయి. రెండో ఏడాది దుబ్బులు పిలకెయ్యలేదు. ఆ తర్వాత పెరట్లో చేతిపంపు నీళ్లు కూడా ఉప్పెక్కాయి. తొట్టిలో మూతి పెట్టిన గేదె తల తిప్పేసుకుంది.

"దానికున్న పౌరుషం మాకు లేదు మాస్టారూ," అన్నారావిడ నాతో. "అది ఒక్కసారే వద్దంది. మేం రోజూ తాగుతున్నాం."

ఆవిడ మండలాఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చారు. అక్కడి అధికారి దాన్ని శ్రద్ధగా చదివి, "అమ్మా, మీకు అవగాహన కావాలి," అని సదస్సుకు పంపించారు. రెండో అర్జీకి రెండో సదస్సు. మూడో అర్జీకి మూడోది. ప్రతిసారీ ఆవిడ లేచి నిలబడేవారు. ప్రతిసారీ నేనే ఆపేవాణ్ణి. "ప్రశ్నలు చివర్లోనమ్మా!" చివర్లో భోజనాలుండేవి.

ఇంతలో బాపట్లలో పెద్ద సదస్సు పెట్టారు. అంశం: నీరే ప్రాణం. ఆదర్శ ఆక్వా రైతుగా సన్మానం ఎవరికనుకున్నారు? మోహనకృష్ణకే. ఏర్పాట్లు చూస్తున్న అపర్ణ అనే అమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. వేదిక మీద ప్లాస్టిక్ సీసాలు ఉండకూడదని పట్టుబట్టింది.

"ఎవరైనా రైతు ఇంటి నీళ్లు బిందెలో తెప్పిద్దాం సార్. మీకు తెలిసినవాళ్లున్నారా?" అంది.

నేను దుర్గాంబగారి పేరు చెప్పాను. మహిళా రైతు, చంకలో బిందె, ఫొటో అద్భుతంగా వస్తుంది! ఆవిడ నీళ్ల సంగతి నీకు తెలియదా అని మీరడగొచ్చు. ఆవిడ గోడు మూడుసార్లు విన్నాను. విన్నానంటే, ఆవిడ మాట్లాడుతుంటే మైకు పట్టుకుని నిలబడ్డాను.

ఫోన్ చేశాను.

"మా పంపు నీళ్లా? వేదిక మీద పెద్దవాళ్లకా?" అన్నారావిడ.

"అవునండి. ఒక బిందెడు చాలు."

 "రెండు తెస్తానండి," అన్నారు.

అన్నట్టే రెండు బిందెల మూతులకు గుడ్డలు కట్టి, ఆటోలో తెచ్చారు. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని రాసిన ముప్ఫై అడుగుల ఫ్లెక్సీ కింద ఆ నీళ్లను చెంబుల్లో నింపి పెట్టాం.

ముఖ్య అతిథి జగన్నాథరావుగారు నీటి మహిమ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. గొంతు ఎండిపోయింది. చెంబెత్తి గటగటా పోసుకున్నారు. నోట్లోకి వెళ్లిన నీళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇరవై పుస్తకాల పీఠికల్లో నాకు దొరకని కరుణరసం ఆయన ముఖంలో దొరికింది. పక్కనున్న పూలకుండీలోకి ఉమ్మేసి, "ఏం కలిపారిందులో?" అని అరిచారు.

రెండో వరసలోంచి దుర్గాంబగారు లేచారు. "కలిపింది నేను కాదండి."



"గొట్టం వేసి మూడో ఏడు నడుస్తోందండి, ఇప్పుడు మేం ఇవే తాగుతున్నాం. ఇవాళ మీరు తాగుతారని కాచి, వడకట్టి మరీ తెచ్చాను."

నేను అలవాటు కొద్దీ, "ప్రశ్నలు చివర్లోనమ్మా," అన్నాను. అపర్ణ వచ్చి నా చేతిలోని మైకు లాక్కుని ఆవిడకిచ్చింది. ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. మైకు బల్ల మీద పెట్టి, గ్లాసులో నీళ్లు వంపి, శాలువా కప్పుకుని కూర్చున్న మోహనకృష్ణ ముందుకు చాపారు.

"తాగు నాయనా."

"నాకొద్దు పిన్నీ. నేను చెరువు దగ్గరికి వాటర్ టిన్ తెచ్చుకుంటాను."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు. దుర్గాంబగారు నవ్వలేదు. ఆవిడ చెయ్యి గ్లాసుతో అలాగే గాల్లో ఉంది.  ఆ నవ్వినవాళ్లు కూడా ఆపేశారు.

జగన్నాథరావుగారు మూతి తుడుచుకుని తేరుకున్నారు. "ఇది చాలా తీవ్రమైన సమస్య! దీని మీద తక్షణమే ఒక సదస్సు జరపాలి!" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

మర్నాడు అపర్ణ ఆ పొలం చూడ్డానికి బయల్దేరి, నన్నూ రమ్మంది. వేదికల మీద నేలతల్లిని వెయ్యిసార్లు స్తుతించిన నేను బురదలో కాలు పెట్టడం అదే మొదలు. గట్టు పొడుగునా తెల్లగా పేరుకుని ఉంటే యూరియా అనుకున్నాను. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాక తెలిసింది, ఉప్పు. దుర్గాంబగారు తాగడానికి గేదెపాల మజ్జిగ ఇచ్చారు. అదీ పలచగానే ఉంది.

అపర్ణ గొట్టం ఫొటోలతో సహా రిపోర్టు రాసి పంపింది. పైవాళ్లకు చాలా నచ్చింది. రాబోయే సదస్సులో పత్రంగా సమర్పించమన్నారు!

దుర్గాంబగారికి అంత ఓపిక లేకపోయింది. ఒక సోమవారం పొద్దున్నే ఊళ్లో ఏడుగురు ఆడవాళ్లతో కలిసి మట్టి నింపిన గోతాలు మోసుకుంటూ కాలవలోకి దిగారు. అపర్ణతో కలిసి చూడ్డానికి వెళ్లిన నా భుజం మీద కూడా ఒక గోతం పడింది. "పట్టండి మాస్టారూ. మాటలు చివర్లో!"

గొట్టం సగం మూసేసరికి మోహనకృష్ణ బండి మీద వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. గట్టు మీద నిలబడి, "మరి నా చెరువు నీళ్లెటు పోవాలి పిన్నీ?" అన్నాడు దిగులుగా.

"మురుగుకాలవ దాకా బోదె తవ్వుకో. దూరమే. కావాలంటే మేమూ వచ్చి తలో చెయ్యి వేస్తాం. ఇందులోకి మాత్రం వద్దు."

అతను బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. గొట్టం వేసినవాడికి కాదు, మూసినావిడకి! అనుమతి లేకుండా నీటి ప్రవాహాన్ని అడ్డగించినందుకు సంజాయిషీ చెప్పాలట. అడ్డు తీయించడానికి మనుషులు కూడా వస్తారట. ఆవిడ ఆ కాగితం పట్టుకుని తెనాలిలో మా ఇంటికొచ్చారు. జవాబు నన్ను రాయమన్నారు. నేను ఉత్సాహంగా 'సుస్థిరాభివృద్ధి పరిప్రేక్ష్యంలో' అని మొదలుపెట్టాను.

"అది కొట్టెయ్యండి. నేను చెప్పింది రాయండి," అన్నారు.

రాశాను. మొత్తం రెండే వాక్యాలు: "అయ్యా, గొట్టం మూసింది నేనే. తెరవడానికి మీరు రావాలనుకుంటే, దాహంతో రండి."

ఆరు వారాలైంది. ఎవరూ రాలేదు. ఆవిడ జవాబుకి భయపడ్డారేమోనని కనుక్కున్నాను. అదేం కాదు, అసలు దాన్ని ఎవరూ విప్పనే లేదట. ఉప్పునీళ్ల మీద సదస్సుంది కదా! దానికి ముందు సన్నాహక సదస్సు, ఆ తర్వాత సమీక్షా సదస్సు. ఆఫీసులో ఒక్కరూ లేరట.

ఈలోగా కాలవలో మంచినీళ్లు పారాయి. నేలలోని ఉప్పు ఒక్క పంటతో పోదంటున్నారు. అయినా దుర్గాంబగారు నాట్లు వేశారు. ఒక పక్కన వరి పిలకలు తొడుగుతోంది.

కాబట్టి పాఠకులారా, చేతులు జోడించి వేడుకుంటున్నాను. సదస్సులను ఎవరూ ఎగతాళి చెయ్యకండి, దయచేసి ఆపించకండి! కనీసం ఆవిడ చేను కోతకొచ్చేదాకా, వాళ్లనెవరినీ హాల్లోంచి బయటికి రానివ్వకండి.