రాతిబల్లకి కొట్టిన అంచు

వీధిలో అందరూ అతన్ని కళ్లజోళ్లాయన అనేవారు. మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టి, ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అని అడగడం అతని పని. ఏది బాగుందో చెప్పే భారం ఎప్పుడూ ఎదుటివాళ్లదే. అలా అలవాటైపోవడం వల్ల, ఏదైనా సొంతంగా ఎంచుకోవాల్సి వస్తే అతనికి చెమటలు పట్టేవి.

ఆ రోజు షాపుకి సెలవు. భార్య ఆఫీసుకి వెళ్లిపోయింది. రాళ్ల మేస్త్రీకి ఫోన్ చేసి, పెరటి తోటలో వేయించబోయే రాతిబల్లకి అంచు ఎలా ఉండాలో చెప్పేస్తే చాలు, ఇక మధ్యాహ్నం దాకా కాళ్లు చాపుకుని పేపరు చదువుకోవచ్చన్నది అతని పథకం.

ఆ బల్ల అత్తగారి కోసం. మోకాలికి ఆపరేషన్ అయ్యాక కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది ఆవిడ. వచ్చిందే గానీ, రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కుర్చీ అంచున కూర్చునేది. కూరేం చేయమన్నా, ఫ్యాను వేయమంటారా అన్నా ‘మీ ఇష్టం బాబూ’ అనేది. పైగా అదే ఊళ్లో ఉన్న బావమరిది, పగలంతా ఎవరూ ఉండని ఇంట్లో అమ్మనెవరు చూస్తారు, ఏ చిన్న తేడా వచ్చినా తీసుకుపోతానని ముందే చెప్పి ఉంచాడు. పూలమడి పక్కన ఆవిడకంటూ ఒక చోటుంటే మనసు కుదురుకుంటుందని అల్లుడి ఆశ.

తీరా చూస్తే రాయి దొరకడం తేలికే, అంచు తేలడమే కష్టమైంది. మేస్త్రీ నమూనా ముక్కలిచ్చి పంపాడు. ఒకటి గుండ్రంగా అరగదీసి నున్నగా చేసినది. ఒకటి ఏటవాలుగా కోసినది. ఇంకోటి ఉలితో కొట్టి, కొండ నుంచి అప్పుడే విరిగిపడినట్టు గరుకుగా వదిలేసినది. దాన్ని మేస్త్రీ ‘కొట్టిన అంచు’ అన్నాడు. రాత్రి భార్య చూసీ చూడగానే అదే కావాలంది. తోటలో రాయి రాయిలాగే ఉండాలట.

పొద్దున అత్తగారికి చూపించాడు. ఆవిడ అన్నిటినీ అరచేత్తో తడిమి, ‘మీ ఇష్టం బాబూ’ అంది. కానీ గరుకు ముక్క దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగడం, ఆవిడ తన మోకాలి వైపు చూసుకోవడం అల్లుడి కంట పడ్డాయి. పాపం, గీసుకుంటుందని భయం కాబోలు, నోరు విప్పి చెప్పలేకపోతోంది అనుకున్నాడు. మధ్యే మార్గం ఒకటి ఆలోచించుకుని, పెరట్లోకి వెళ్లి మేస్త్రీకి ఫోన్ చేశాడు. అవతల కోత మిషన్ చప్పుడు. గొంతు పెంచక తప్పలేదు.

“మా ఆవిడ కొట్టమంటోందండీ. అత్తగారికి ఇష్టం లేదు. పైకి అనలేదు గానీ ముఖం చూస్తే తెలిసిపోతోంది. అందుకని వెనకవైపు గట్టిగా కొట్టండి, మా ఆవిడకి తృప్తిగా ఉంటుంది. ముందువైపు మాత్రం వద్దు. ముసలావిడ మోకాళ్లు, పాపం. సాయంత్రంలోగా కానిచ్చేయండి.”

పిట్టగోడకి అవతల పక్కింటి హెడ్‌మిస్ట్రెస్ మొక్కలకి నీళ్లు పోస్తోంది. రిటైరయినా క్రమశిక్షణ తప్పని మనిషి. ఆవిడ చేతిలో పైపు అలాగే ఉండిపోయింది, నీళ్లు చెప్పుల మీదుగా పారుతున్నాయి. అత్తగారితో రోజూ గోడ దగ్గర నాలుగు మాటలు మాట్లాడే స్నేహం ఆవిడది. అత్తగారి కొడుకు నంబరు కూడా ఆవిడ దగ్గర ఉంది. లోపలికి వెళ్లి, ఉన్నదున్నట్టు, ఒక్క మాట కూడా కల్పించకుండా, విన్నదంతా కొడుకుకి అప్పజెప్పింది.

ఈలోగా కళ్లజోళ్లాయనకి మళ్లీ బెంగ పట్టుకుంది. బల్ల వెనకవైపు గోడకి ఆనుకుని ఉంటుంది. అక్కడ ఎంత కొట్టినా ఎవరికి కనిపిస్తుంది? తన అంచేదని భార్య అడిగితే ఏం చెప్పాలి? మళ్లీ ఫోన్ చేసి, ముందు కూడా కొట్టిన అంచే కానివ్వమన్నాడు. మిషన్ హోరులో మేస్త్రీకి అది ‘కొట్టని అంచు’ అని వినపడింది. కొట్టనిదేనా అని అడిగాడు. ఇతనికి కొట్టినదేనా అన్నట్టు వినపడి, అదే అదే అన్నాడు. ఇద్దరూ తృప్తిగా ఫోన్ పెట్టేశారు.

తర్వాత స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడులో తలుపవతల అత్తగారు ఏదో అంది. ఏమీ వినపడకపోయినా, మర్యాదకి “అలాగేనండీ” అన్నాడు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి కుర్చీ ఖాళీ. చేతికర్ర లేదు, సంచీ లేదు. పెరట్లో లేదు, గదిలో లేదు. తువ్వాలు భుజం మీదుండగానే గేటు దగ్గరికి పరుగెత్తి, పక్కింటావిణ్ణి అడిగాడు.

“సంచీ పట్టుకుని ఆటో ఎక్కింది” అంది హెడ్‌మిస్ట్రెస్, పై తరగతికి పంపకూడని పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తూ. “వెళ్లక ఏం చేస్తుంది?”

ఆ మాటలోని అంతరార్థం ఏమిటో తెలుసుకునేలోపే బావమరిది బైకు వచ్చి ఆగింది. వెనకే ఇంకో ఆటోలో భార్య. ఆఫీసులో ఉండగా తమ్ముడు ఫోన్ చేసి, అమ్మని కొట్టించేదాకా వచ్చావా అని అడిగాడట. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ ఏదని వచ్చీ రాగానే అడిగింది. అతను వీధి చివరికి చెయ్యి చూపించాడు.

“బావా, ఎవర్ని కొట్టమన్నారు?” అన్నాడు బావమరిది, గొంతు అణచుకుంటూ.

“బల్లని.”

“బల్లకి మోకాళ్లుంటాయా?” అంది గోడవతల నుంచి హెడ్‌మిస్ట్రెస్.

అతను అంచుల సంగతి మొదటినుంచీ చెప్పబోయాడు. గుండ్రం అంచు దాటి ఏటవాలు అంచు దాకా వచ్చేసరికి తన కథ తనకే నమ్మశక్యంగా లేదు. నమూనాలు చూపిద్దామని లోపలికెళ్తే, కావలసిన ఆ గరుకు ముక్కే కనిపించలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. దాపరికం లేదని రుజువు చేసుకోవడానికి స్పీకర్ పెట్టాడు.

“సార్, మీ అత్తగారు ఇక్కడ కూర్చుని కొట్టమంటున్నారు” అన్నాడు మేస్త్రీ, విసుగ్గా. “మీరేమో వద్దన్నారు. నన్నిప్పుడు కొట్టమంటారా, వద్దంటారా?”

బావమరిది ఫోన్ అందుకుని, అమ్మ ఎలా చెబితే అలా చేయమని, అందరినీ బయల్దేరదీశాడు. హెడ్‌మిస్ట్రెస్ పైపు కట్టేసి, తాళం వేసుకుని, తనూ ఆటోలో ఎక్కింది.

రాళ్ల యార్డులో, తెల్లటి దుమ్ము మధ్య, నిలబెట్టిన పలకల నీడన స్టూలు వేసుకుని కూర్చునుంది అత్తగారు. ఒళ్లో ఆ గరుకు ముక్క. ఎదురుగా బల్ల. దాని ముందంచు సగం దాకా గుండ్రంగా, నున్నగా అరిగిపోయి ఉంది. అంతవరకూ అరిగాక ఆవిడ వచ్చి ఆపించిందట. మిగతా సగం ఆవిడ కళ్లెదుటే ఉలి దెబ్బలు తిని గరుకుగా తేలింది.

కూతురు వెళ్లి తల్లి భుజం పట్టుకుంది. ఇంత దూరం చెప్పకుండా ఎందుకొచ్చావంది. చెప్పే వచ్చానని, అల్లుడు అలాగేనన్నాడని తల్లి అంది. అందరూ అతని వైపు చూశారు. అతను మేస్త్రీ వైపు చూశాడు.

“కిటికీలోంచి విన్నాను బాబూ” అంది అత్తగారు. “నా కోసం మీరు మా అమ్మాయి మాట పక్కన పెడుతుంటే, మధ్యలో ఏం చెప్పను? నాకు నున్నటిది వద్దు. జారుతుంది. గరుకుగా ఉంటే లేచేటప్పుడు చేతికి పట్టు దొరుకుతుంది. పొద్దున ఆ ముక్క ముట్టుకోగానే అదే అనుకున్నాను.”

“నేను దారంతా ఇంకోలా అనుకుంటూ వచ్చానమ్మా” అంది కూతురు. “గరుకుది నాకేమీ వద్దు, నీకు నున్నగా చేయించేద్దామని.”

మేస్త్రీ ఉలి కింద పెట్టేశాడు. సగం పోయింది కాబట్టి ఇంకో రాయి తెప్పించాలా అని అడిగాడు. అలవాటు చొప్పున కళ్లజోళ్లాయన ‘మీకేది బాగుంది’ అన్నట్టు అందరి ముఖాలూ చూశాడు.

“ఇలాగే ఉండనివ్వండి” అంది అత్తగారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ తేల్చి చెప్పిన మొదటి మాట అది. “గరుకు వైపు నేను కూర్చుంటాను. నున్నటి వైపు అది కూర్చుంటుంది.”

కొడుకు తల్లి పక్కన గొంతుక్కూర్చుని, అమ్మా, మా ఇంటికి వచ్చేయరాదా అన్నాడు నెమ్మదిగా. ఆవిడ అతని తల మీద పడిన రాతి పొడి దులిపింది.

“నా బల్ల అక్కడ వేస్తుంటే ఇంకెక్కడికి రాను రా? నువ్వే ఆదివారం ఆదివారం వచ్చి పో.”

కళ్లజోళ్లాయన ఎందుకో పక్కకి తిరిగి, ఏ అవసరమూ లేని పలకనొకదాన్ని చాలాసేపు పరీక్షించాడు. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి అతని పక్కన నిలబడింది. క్షమాపణ అడగలేదు గానీ, అంచు ఎంపిక బాగుందని మెచ్చుకుంది.

పూలమడి పక్కన బల్ల పడిన సాయంత్రం, గరుకు వైపు అత్తగారు వెనక్కి ఆనుకుని హాయిగా కూర్చుంది. నున్నటి వైపు భార్య. మధ్యలో, నునుపు ఎక్కడ ఆగి గరుకు ఎక్కడ మొదలవుతుందో వేలితో చూస్తూ, హెడ్‌మిస్ట్రెస్. ముగ్గురికీ సరిగ్గా సరిపోయింది.

కళ్లజోళ్లాయన లోపలికెళ్లి తనకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాడు. దాని అంచులెలా ఉన్నాయో చూడకుండానే కూర్చున్నాడు.