క్లుస్కా ఆపరేషన్, నా స్వేచ్ఛ

‘నిర్ణయం మీదే’ అన్న మాటను మొట్టమొదట ఏ డాక్టరు అన్నాడో గానీ, ఆయనకు మా తార్నూవ్ ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టించాలి! మానవజాతికి ఇంత స్వేచ్ఛ ఇంతకు ముందెవరిచ్చారో చెప్పండి?

ఈ స్వేచ్ఛ విలువ మొన్నటిదాకా నాకూ తెలియదు. మా క్లుస్కాకు జబ్బు చేశాక తెలిసింది. క్లుస్కా మేం పెంచుకుంటున్న ఫెర్రెట్. చూడటానికి పొట్టికాళ్ళ ముంగిసలా ఉంటుంది, బుద్ధికి పక్కా దొంగ. సాక్సు, చెంచా, మా ఆవిడ బోగ్నా కళ్ళజోడు, ఏది దొరికితే అది సోఫా కిందికి చేరాల్సిందే. దాని జాతి లెక్కలో ఇప్పుడు ముసలిది. ముందు తోక బోడి అయింది. తర్వాత వీపు. ఆ తర్వాత దొంగతనాలు మానేసింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, ఎక్కడికి బయల్దేరిందో మర్చిపోయినట్టు కూర్చోవడం మొదలుపెట్టింది.

డాక్టర్ ఒతీలియా గారు చాలా మర్యాదస్తురాలు. కిడ్నీ పక్కనుండే గ్రంథిలో గడ్డ ఉందని కంప్యూటర్లో చూపించారు. అది పెద్ద రక్తనాళానికి అతుక్కుపోయిందట. కోస్తే బల్ల మీదే పోవచ్చు, కోయకపోతే వసంతం చూడకపోవచ్చు.

“మరి ఏం చెయ్యమంటారు?” అన్నాను.

“రెండింటికీ లాభనష్టాలున్నాయండీ. నిర్ణయం మీదే. సోమవారం లోపు చెప్పండి.”

చూశారా ఎంత గౌరవమో! గ్రంథికీ గుమ్మడికాయకూ తేడా తెలియని నన్ను, అన్నేళ్ళు చదివిన మనిషి కుర్చీలో కూర్చోబెట్టి, కత్తి సంగతి నన్నే తేల్చమంది. ఈ లెక్కన రేపు విమానం గాలిలో ఉండగా పైలట్ వచ్చి, “దింపడానికి రెండు పద్ధతులున్నాయండీ” అంటే ఎంత బాగుంటుంది!

పాతకాలంలో ఈ భాగ్యం ఎక్కడిది? మా నాన్న ఆవుకు జబ్బు చేస్తే తెయోఫిల్ అనే పశువుల డాక్టరు సైకిల్ మీద వచ్చేవాడు. ఆవును ఒక్కసారి చూసి, “గట్టిగా పట్టుకోండి” అనేవాడు. అంతే! ఆవు బతికితే ఆయన దేవుడు. చస్తే మా నాన్న ఆయన్ని ఏడు తరాలు కలిపి తిట్టేవాడు. ఆ తిట్లన్నీ కోటు మీద మంచులా దులిపేసుకుని, ఆయన తర్వాతి దూడకు మళ్ళీ అదే సైకిల్ మీద వచ్చేవాడు. ఎంత అనాగరికం! ఒకడి తప్పుకు ఇంకొకణ్ణి తిట్టడమేమిటి? ఇప్పుడలా కాదు. మనల్ని మనమే, ఇంట్లోనే కూర్చుని, తీరిగ్గా తిట్టుకోవచ్చు.

అదృష్టం కొద్దీ ఆదివారం బోగ్నా పేరు పండుగ, అంటే క్యాలెండర్లో ఆమె పేరున్న రోజు, వచ్చింది. పేరు పండుగకు మాలో ఎవరినీ పిలవరు. గుర్తున్నవాళ్ళంతా పువ్వులు పట్టుకుని వచ్చేస్తారు. వచ్చినవాళ్ళు గుమ్మంలో బూట్లు విప్పాలి, మనం చెప్పులివ్వాలి, తిండి పెట్టాలి, వాళ్ళు సలహాలివ్వాలి. సలహా లేకుండా మా ఇంట్లో చీజ్ కేకు ముక్క ఎవరి గొంతూ దిగదు.

“కోయించెయ్ బావా!” అన్నాడు నా బావమరిది వీటోల్ద్. “నాకు పిత్తాశయం తీసేశారా? ఇప్పుడు నన్ను చూడు!”

అందరం చూశాం. ఆపరేషన్ పక్షానికి అంతదాకా ఉన్న బలం కాస్తా అక్కడ తగ్గింది.

“ముసలిదానికి కోతలెందుకు నాయనా?” అంది పక్కింటి గెనొవెఫా గారు. “ప్రశాంతంగా కళ్ళు మూయనీ. మా ఆయన్ని నేనలాగే వదిలేశాను. పాపం, కిక్కురుమనలేదు.”

“ఒక ఎలుక కోసం ఇంత సభా?” అంది మా అత్తగారు.

“ఎలుక కాదమ్మా!” అంది బోగ్నా, కళ్ళు తుడుచుకుంటూ.

“ఏదైతే ఏంటే? నాలుగు రోజులు నాకియ్యి. బీట్‌రూట్ చారు తాగించి పరిగెత్తిస్తాను. నీ మొగుణ్ణి మాత్రం ఎలా నిలబెట్టాననుకున్నావ్?”

ఇలా సాయంత్రం దాకా నడిచింది. హెర్రింగ్ చేప అయిపోయింది, మాంసం జెల్లీ అయిపోయింది, అభిప్రాయాలు మాత్రం అయిపోలేదు. తమాషా ఏమిటంటే, బల్ల గుద్ది చెప్పిన ప్రతివాళ్ళూ చివర్లో మూతి తుడుచుకుని, “అయినా మీ ఇష్టం, నిర్ణయం మీదే” అన్నారు! డాక్టరు గారి దగ్గర శిష్యరికం చేశారేమో అనుకున్నాను.

వెళ్ళే వేళకు వీటోల్ద్ బూటు ఒకటి కనపడలేదు.

“నా బూటేదర్రా? ఎవడో నా కాలి సైజువాడు ఎత్తుకెళ్ళాడు!”

ఒక్క బూటు ఎవడెత్తుకెళ్తాడని మా అత్తగారు దెబ్బలాడుతుండగా, కోట్ల స్టాండు వెనక నుంచి బోగ్నా నన్ను పిలిచింది. క్లుస్కా పక్కకు ఒరిగి పడి ఉంది. పళ్ళ మధ్య బూటు లేసు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంత పెద్ద బూటును, తను పడుకునే బుట్టలోంచి లేచొచ్చి అక్కడిదాకా ఈడ్చింది, సోఫా చేరేలోపు ఓపిక అయిపోయింది. లేసు మాత్రం వదల్లేదు. తియ్యబోతే గుర్రుమంది.

వీటోల్ద్ సాక్సులతోనే నేల మీద చతికిలపడ్డాడు. “ఉంచుకోవే తల్లీ, ఉంచుకో,” అన్నాడు. మా చెప్పులేసుకునే మంచులో ఇంటికి నడిచిపోయాడు.

ఆ రాత్రే నేను డాక్టరుకు ఫోన్ చేసి ఆపరేషన్ చెయ్యమన్నాను. స్కానింగులు, పరీక్షలు, లాభనష్టాలు అన్నీ పక్కనపెట్టి, ఒక బూటును చూసి తేల్చాను. శాస్త్రజ్ఞులు నన్ను క్షమించాలి.

ఫోన్ పెట్టేసిన క్షణం నుంచే భయం పట్టుకుంది. అది బల్ల మీద పోతే చంపింది గడ్డా కాదు, డాక్టరూ కాదు. నేనే. ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నంతసేపూ మా నాన్న మీద కుళ్ళుకున్నాను. ఆయనకు తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు.

తలుపు తీసుకుని ఒతీలియా గారు వచ్చారు. ఆపరేషన్ టోపీ చేతిలో ఉంది.

“గడ్డ బయటికి వచ్చేసింది. రక్తం బాగానే పోయింది, అయినా తట్టుకుంది. గట్టి ప్రాణం. ఇప్పుడింకో సంగతి. ఇక్కడ ఉంచితే మేం కనిపెట్టుకుని ఉంటాం, కానీ కొత్తచోటు కాబట్టి బెదురుతుంది. ఇంటికి తీసుకెళ్తే ధైర్యంగా ఉంటుంది, కానీ కుట్లు కదిలితే ప్రమాదం. కాబట్టి నిర్ణయం...”

“అమ్మా, దండం పెడతాను, ఆ మాట అనకండి,” అన్నాను. అంతమందిలో ఏడ్చేశాను.

ఆమె టోపీ మడిచి జేబులో పెట్టుకుంది.

“ఇక్కడే ఉంటుంది. మీరు ఇంటికెళ్ళి, వేడిగా ఏదైనా తిని పడుకోండి. నేను ఫోన్ చేసేదాకా ఇటు రావద్దు.”

నా స్వేచ్ఛ మొత్తం ఒక్క మాటతో లాగేసుకుంది! మా పాతకాలపు మర్యాద ప్రకారం వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాను. ఇంటికెళ్ళి, చెప్పినట్టే తిని, చెప్పినట్టే పడుకున్నాను.